వెనక పిలుపు

పైడన్న తాగుడు మానేశాడని రూఢి చేసుకున్న రోజున నీలమ్మ గంగమ్మకి కోడిపుంజుని ఇచ్చింది. ఆ మొక్కు ఇప్పటిది కాదు, పెళ్ళయిన కొత్తలోది. ఒడిశా తీరంలోని జాలర్ల ఊరు పొడంపేటలో మొగుడు తాగుడు మానడమంటే మాటలా మరి? వేట నుంచి వచ్చిన మగాడు ఒంటిమీద ఉప్పు కడుక్కోకముందే గొంతు తడుపుకుంటాడు, అది అక్కడి రివాజు. అందుకే ఆ ఊరి ఆడవాళ్ళ దగ్గర ఒక పరీక్ష ఉంది. సాయంత్రం మొగుడు గుమ్మంలో కాలు పెట్టగానే, నీళ్ళ చెంబు అందించే వంకతో మొహం దగ్గరికి మొహం తీసుకెళ్ళి గాలి పీలుస్తారు. వాసన వచ్చిందా, ఆ పూట రభస. రాలేదా, కంచంలో చేపముక్క ఇంకోటి పడుతుంది.

ఆ పరీక్షలో నీలమ్మది అందరికంటే గట్టి ముక్కు. పైడన్న లవంగం నమిలినా, పచ్చి ఉల్లిపాయ కొరికినా ఆమె దగ్గర పప్పులుడికేవి కావు. అలాంటి ముక్కుకి కిందటి చలికాలం నుంచి ఏ వాసనా తగల్లేదు. మొదట ఆమె నమ్మలేదు. చొక్కా వాసన చూసింది, తువ్వాలు వాసన చూసింది, ఆఖరికి నిద్రపోతున్నవాడి నోటి దగ్గర కూర్చుని మరీ చూసింది. ఏమీ లేదు. అప్పుడిక పుంజుని కోయించి వీధంతా కూర పంచింది. "మా మావ మానీసాడే," అని కుళాయి దగ్గర కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. చెప్పుకోదా ఏం? ఆ వీధిలో ఇంకెవరికి దక్కింది ఆ భాగ్యం?

దీనికంతటికీ మూలం పైడన్న భుజం. అతను పడవకి సుక్కాని పట్టే మనిషి. ఇప్పుడు చెక్క సుక్కానులు లేవు, ఫైబరు పడవ వెనక కూర్చుని ఇంజను పిడి పట్టుకోవడమే, అయినా ఆ పేరు పోలేదు. కిందటేడు వల లాగుతుంటే తాడు చేతికి చుట్టుకుని భుజం తప్పింది. ఆస్పత్రిలో సరిచేసి పంపారు గాని నొప్పి మాత్రం ఇంటిదాకా వెంటబడి వచ్చింది. అప్పుడు గంజాం బజారులో ఒక మందుల కొట్టువాడు చీటీ గీటీ అడక్కుండా గొట్టం బిళ్ళలు ఇచ్చాడు. ఒకటి వేసుకున్న కాసేపటికే పైడన్న మొహం విప్పారింది. "నొప్పి మాట దేవుడెరుగు, ఒళ్ళంతా దూదిలాగుందే," అన్నాడు. ఆ తర్వాతే సారా జోలికి పోవడం మానేశాడు. ఆ మందుల కొట్టువాడి కడుపు చల్లగుండాలని నీలమ్మ దండం కూడా పెట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, అప్పుడు మాత్రం ఆవిడ మనస్ఫూర్తిగానే పెట్టింది.

ఎండలు ముదిరాక సర్కారు వేట ఆపించింది. పడవలు ఒడ్డెక్కాయి. మగాళ్ళంతా షెడ్డు కింద చేరి వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ కాలం గడుపుతున్నారు. పైడన్న అటు పోలేదు. "తాగుబోతోళ్ళ మధ్య నాకేటి పని," అన్నాడు. ఆ మాట నీలమ్మ చెవిలో తేనె పోసినట్టయింది. అతను ఇంటి అరుగుమీద ఒక్కడే కూర్చుని వల కుట్టుకునేవాడు. కుడుతూ కుడుతూనే తల వాలిపోయేది. సూది చేతిలో ఉండగానే గడ్డం ఛాతీకి ఆనేది. పిలిస్తే ఉలిక్కిపడి, "పడుకోనేదే, సూస్తన్నాను," అనేవాడు. కళ్ళు మూసుకుని ఏం చూస్తాడో అడగాలా వద్దా? అడగలేదు. ఎండదెబ్బ అనుకుంది.

టీలో ఎంత చక్కెర వేసినా చాలదనేవాడు. కూరన్నం మాత్రం సగం వదిలేసేవాడు. అస్తమానం ముక్కు గోక్కునేవాడు. నీలమ్మ తమ్ముడు శ్రీను కూడా అదే పడవలో వేటకెళ్తాడు. వాడొకరోజు వచ్చి బావ కుట్టిన వల చేతిలోకి తీసుకుని ముడి లాగితే ముడి ఊడి చేతికొచ్చింది. "బావా, ఇందులోంచి తిమింగలం కూడా తలొంచుకుని ఎల్లిపోద్ది," అని నవ్వాడు. మామూలుగా అయితే పైడన్న దానికి ఇంకో నాలుగు కలిపి నవ్వే మనిషి. ఆ వేళ వలని శ్రీను మొహాన కొట్టి లోపలికి పోయాడు. శ్రీను మొహం చిన్నబోయింది. "భుజం నొప్పితో సిరాకురా," అని నీలమ్మే సర్దిచెప్పింది.

ఇక ఆ గుడాకు డబ్బీ. గుడాకంటే పొగాకూ బెల్లమూ కలిపిన నల్లటి ముద్ద, పొద్దున్నే దాన్ని పళ్ళకి రాసుకోని మనిషి ఆ తీరంలో అరుదు. పైడన్న మొలలోనూ ఒక రేకు డబ్బీ ఎప్పుడూ ఉంటుంది. ఒకరోజు లుంగీ ఉతకడానికి తీస్తూ నీలమ్మ ఆ డబ్బీని గూట్లో పెట్టింది. అంతే, ఇల్లంతా తిరగేశాడు. అడ్డొచ్చిన నీలమ్మని ఒక్క తోపు తోశాడు. తాగి ఊగిన రోజుల్లో కూడా పెళ్ళాం మీద చెయ్యి వెయ్యని మనిషి. డబ్బీ దొరికాక పిల్లిలా వచ్చి పక్కన కూర్చుని, "తప్పయిపోయిందే," అన్నాడు. గుడాకు లేకపోతే మగాళ్ళకి పిచ్చెక్కుతుందిలే అని ఆమె మోచేతికి పసుపు రాసుకుంది.

లారీలవాళ్ళ బంద్‌తో రోడ్డు మూసేసిన రోజొకటి వచ్చింది. ఏదో పనుందన్న పైడన్నకి గంజాం పోవడానికి వీల్లేకపోయింది. మధ్యాహ్నానికి పైడన్నకి ముక్కు కారడం మొదలైంది. ఆవలింత మీద ఆవలింత. ఒళ్ళంతా చెమటలు, చెయ్యి వేస్తే చల్లగా ఉంది. కడుపు పట్టుకుని మోకాళ్ళు ముడుచుకుని చాపమీద దొర్లాడు. జ్వరం అనుకుని ఆమె మిరియాల కషాయం కాచింది. సాయంత్రం రోడ్డు తెరిచారో లేదో, ఆ జ్వరపు మనిషే సైకిలెక్కి గంజాం పోయి, కూనిరాగం తీసుకుంటూ తిరిగొచ్చాడు. నీలమ్మ చెంబు పట్టుకుని ఎదురెళ్ళి ఎప్పటిలాగే గాలి పీల్చింది. వాసన లేదు. హమ్మయ్య అనుకుంది.

అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి కదా, ఎందుకు కనపడలేదంటే ఏం చెప్తాం. పొడంపేట ఆడవాళ్ళు తాగుబోతుల్ని కాసింది కళ్ళతో కాదు, ముక్కుతో. ఆ ముక్కే ఆమెని నమ్మించి ముంచింది.

వేట మళ్ళీ మొదలవడానికి ముందురోజు నీలమ్మ తన మరదలు హేమని బరంపురం పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. హేమ శ్రీను పెళ్ళాం, తొలిచూలు. చూపించుకునేవాళ్ళ వరస చాంతాడంత ఉంది. హేమ వరసలో నిలబడితే, నీలమ్మ వసారా బెంచీమీద కూలబడింది. ఎదురు బెంచీమీద ఒక ఒడియా ఆవిడ, పక్కన ఆమె కొడుకు కాబోలు, మీసాలొచ్చిన కుర్రాడు. వాడి తల మెల్లగా వాలుతోంది. గడ్డం ఛాతీకి ఆనింది. తల్లి మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి, పడుకోలేదు, వింటున్నాను అన్నాడు. ముక్కు గోక్కున్నాడు. మళ్ళీ వాలాడు.

నీలమ్మ చూపు తిప్పుకోలేకపోయింది. ఆ ఊళ్ళవాళ్ళకి ఒడియా ఇంటి భాష లాంటిదే, అందుకని ఒడియాలోనే అడిగింది, మావుసీ, అంటే పిన్నీ, అబ్బాయికి ఏమైంది అని.

"నిశా," అంది ఆవిడ. మత్తు అని.

"తాగాడా?"

"తాగితే వాసనొచ్చేది కదమ్మా. రోజూ వాడి నోరు వాసన చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. నా కొడుకు బంగారమని ఊరంతా చెప్పుకున్నాను." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నొప్పి బిళ్ళలట. వేసుకుంటే ఇలా జోగుతాడు. వేసుకోకపోతే చెమటలు, ఒణుకు, ముక్కు కారడం. చూడాల్సింది నోరు కాదట, కళ్ళట. ఎంత చీకటి గదిలో ఉన్నా కంటిపాప ఆవగింజంతే ఉంటుందట. డాక్టరమ్మ చెప్పేదాకా నాకేం తెలుసు?"

"తగ్గుద్దా?" ఈసారి నీలమ్మ నోట తెలుగే వచ్చింది. అయినా ఆవిడకి అర్థమైంది.

"తగ్గుతుందట. కానీ ఇంట్లో కూర్చుని ఒట్లేయించుకుంటే పోయేది కాదట. ఇక్కడ ఉంచి, కనిపెట్టుకుని, మెల్లగా మానిపించాలట. నేను ఆలస్యంగా తెచ్చాను."

తిరుగు బస్సులో నీలమ్మ కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. అరుగుమీద వాలిన తల, చక్కెర, ఊడిపోయిన ముడి, బంద్ నాటి జ్వరం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడుతున్నాయి. "ఏటొదినా, అలగున్నావు?" అంది హేమ. "బస్సు పడనేదు," అంది నీలమ్మ.

ఇంటికొచ్చేసరికి పైడన్న లోపలి గదిలో చాపమీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఆ గదికి కిటికీ లేదు, పగలు కూడా మసకే. నీలమ్మ ఎదురుగా కూర్చుని అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. మొట్టమొదటిసారి ఆమె గాలి పీల్చలేదు. కళ్ళలోకి చూసింది. అంత చీకట్లో, గోధుమరంగు కంట్లో, చిన్న నల్ల చుక్క. ఆవగింజ.

"ఏటలగ సూస్తన్నావు," అని గొణిగి అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆమె అతని మొలలోంచి రేకు డబ్బీ మెల్లగా తీసి మూత విప్పింది. గుడాకు లేదు. లోపల శుభ్రంగా కడిగి ఉంది. అందులో ఎర్రా పసుపూ గొట్టం బిళ్ళలు నిండుగా ఉన్నాయి. చలికాలం నుంచి ఈ మనిషి గుడాకు తెమ్మని ఒక్కసారీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చి, ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

మూత చప్పుడుకి అతను లేచాడు. "ఇలా తే," అన్నాడు.

"ఇదేటి మావా?"

"మందు. సారా కాదు కదా. ఎందుకా సూపు?"

"మందయితే గుడాకు డబ్బీలో ఎందుకు దాసేవు?"

పైడన్న గోటితో నేలని గీరాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మానీడానికి సూసేనే. ఆ బంద్ రోజు సూసేవు కదా, సచ్చిపోతానేమో అనిపించింది. ఇది పడితే గాని సెయ్యి నిలబడదు. సెయ్యి నిలబడకపోతే రేపు మొగ ఎవడు దాటిస్తాడు?"

"ఇది పడితే నువ్వు నిలబడవు కదా."

అదీ సంగతి. వేసుకుంటే కునుకు, వేసుకోకపోతే ఒణుకు. రెండింట్లో ఏదయినా మొగ దగ్గర పనికిరాదు. మొగంటే రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ నీళ్ళ కింద ఇసకదిబ్బ, దానిమీద విరిగే కెరటాలు. కెరటాలు గుంపుగా వస్తాయి, గుంపుకీ గుంపుకీ మధ్య కాస్త తెరిపి ఇస్తాయి. ఆ తెరిపిలో పడవ ముక్కు సూటిగా ఉంచి దూకించాలి. సుక్కాని మనిషి రెప్పపాటు ఆలస్యమైతే పడవ అడ్డం తిరుగుతుంది, వచ్చే కెరటం దాన్ని బోర్లా వేస్తుంది. ఆ పడవలో రేపు శ్రీను ఉంటాడు. ఇవాళ ఆస్పత్రిలో హేమ కడుపుమీద గొట్టం పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. నీలమ్మ చెవిలో అదింకా మోగుతూనే ఉంది.

"రేపు ఎల్లకు. బరంపురం ఆస్పత్రికి పోదాం," అంది.

"తొలి వేట. నానెల్లకపోతే ఏటని సెప్తావు? ఈ ఊళ్ళో నా సేతికి మళ్ళీ సుక్కాని ఇత్తారేటి? ఇయ్యరు. సచ్చినోడితో సమానం." పైడన్న డబ్బీ తీసుకుని మొలలో పెట్టుకుని, ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. "రేపు పొద్దున్న వేసుకోను. నీ మీద ఒట్టు. ఒడ్డుకొచ్చీసినాక బరంపురం కాదు, కటకం రమ్మన్నా వస్తాను. ఎవరికీ సెప్పకే."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నిజంగానే మానాలనుకున్నాడు, అందులో అబద్ధం లేదు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

సందెవేళ తమ్ముడింటికి వెళ్ళి, "రేపు నువ్వు ఎల్లకురా," అంది.

"ఎందుకప్పా?"

"నా మనసు బాగోనేదు."

"సుక్కాని మనిషి బావమరిదే తొలి వేటకి ముడుసుకు పడుకుంటే ఊరు నవ్వదేటి?" అని శ్రీను నవ్వి, అక్కకి టీ పెట్టమని హేమకి చెప్పాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పైడన్న ఒట్టు గుర్తొచ్చి మింగేసింది. ఒక్క పూట నమ్మి చూద్దాం అనుకుంది.

తెల్లారింది. రాత్రి వాన పడి ఆకాశం ఇంకా మూసుకునే ఉంది. సముద్రం తినేసిన పాత ఊరి గోడల పక్కన పడవలు వరసగా నిలబడ్డాయి, ముక్కులకి పసుపు, మామిడాకులు. డప్పులు మోగుతున్నాయి. ఎవరో కుర్రకారు సెల్లుతో వీడియో తీస్తున్నారు. ఆడవాళ్ళంతా తడి ఇసకకి ఇవతలే ఆగారు.

ఆ ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. మగాడు నీళ్ళలో కాలు పెట్టాక ఆడమనిషి వెనక నుంచి పిలవకూడదు. ఎప్పుడో ఒకావిడ మరిచిపోయిన అన్నం డబ్బా కోసం మొగుణ్ణి పిలిచిందట, ఆ పడవ మళ్ళీ రాలేదట. అప్పట్నుంచి పిలుపు పడితే ఆ పడవ ఆ రోజు కదలదు. పిలుపు పడ్డవాడు వెనక్కొచ్చి ఇసకలో కూర్చుని నీళ్ళు తాగాలి. మళ్ళీ మంచిరోజు చూసి పడవకి పూజ చేయాలి. పిలిచినదాని బతుకు మాత్రం ఆ ఏడాదంతా కుక్కలు చింపిన విస్తరే. ఎవరి వల చిరిగినా, ఎవరి ఇంజను ఆగినా ఆమె నోరే కారణం. అందుకే ఆ వేళప్పుడు ఆడవాళ్ళు పెదాలు బిగించుకుని నిలబడతారు. తుమ్మొచ్చినా కొంగు అడ్డం పెట్టుకుంటారు.

గంగమ్మ గుడి రేకుల కింద పైడన్న బొట్టు పెట్టించుకుంటున్నాడు. నీలమ్మ పళ్ళెం పట్టుకుని దగ్గరగా వెళ్ళింది. ఆవలింతలు లేవు. ముక్కు కారడం లేదు. చెయ్యి ఒణకడం లేదు. హాయిగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసే ఆమెకి తెలిసిపోయింది. అయినా రేకుల నీడలో కళ్ళలోకి చూసింది. ఆవగింజలే. నిన్న ఆమె తలమీద పెట్టిన చేత్తోనే పొద్దున్న డబ్బీ మూత తీశాడు.

కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. ఏడిచే తీరిక లేదు. నేరుగా దానయ్య దగ్గరికెళ్ళింది. దానయ్య ఊరి పెద్ద, ఒకప్పుడు మొగ దాటించడంలో పేరున్నవాడు. అన్ని పడవలకీ జెండా ఊపి వదిలేది ఆయనే.

"పెదనాన్నా, ఇయాల మా మావని సుక్కాని పట్టనియ్యకు. మత్తులో ఉన్నాడు."

దానయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. తర్వాత పైడన్న దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కుని, అందరూ చూస్తుండగా అతని నోటి దగ్గర గట్టిగా గాలి పీల్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"నీలమ్మా, ఈడు పువ్వులాగున్నాడు. నీ ముక్కుకే ఏటో అయింది," అన్నాడు. చుట్టూ ఉన్న మగాళ్ళు ఘొల్లున నవ్వారు. "మా వొదినకి తాగినా గొడవే, మానినా గొడవే," అన్నాడు ఒకడు. పైడన్న నవ్వలేదు. వాళ్ళ తలలమీదుగా ఆమెని చూశాడు. సెప్పకే, అని బతిమాలే చూపు.

"నోరు కాదు పెదనాన్నా, కళ్ళు సూడు," అంది నీలమ్మ. డప్పుల మోతలో ఆ మాట ఆమెకే వినపడలేదు. దానయ్య అప్పటికే జెండా పట్టుకుని నడిచిపోయాడు.

మొదటి పడవ వెళ్ళింది. మొగ దగ్గర కాసేపు ఊగింది, తెరిపి చూసుకుని దూకింది, అవతల తేలింది. ఒడ్డంతా ఊపిరి వదిలింది. ఇప్పుడు పైడన్న పడవ. నలుగురూ భుజాలు ఆనించి నీళ్ళలోకి తోశారు. శ్రీను ముందు ఎక్కి గెడ పట్టుకున్నాడు. నీలమ్మ పక్కన హేమ ఒక చెయ్యి కడుపుమీద పెట్టుకుని, పెదాలు బిగించుకుని నిలబడి ఉంది. శ్రీను ఆమె వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. పైడన్న నడుంలోతు నీళ్ళలోంచి ఎక్కి వెనక కూర్చుని ఇంజను పిడి అందుకున్నాడు. పడవ తెరిపి కోసం ఆగింది.

ఆగినంతసేపూ అతను కెరటాల్ని లెక్కపెట్టుకోవాలి. ఒడ్డునున్నవాళ్ళంతా కెరటాల్నే చూస్తున్నారు. నీలమ్మ ఒక్కతే అతని మెడ వెనక భాగాన్ని చూస్తోంది. అది కొద్దిగా ముందుకు వాలింది. లేచింది. మళ్ళీ వాలింది. ఇంకెవరూ చూడలేదు.

ఊరు, రేపటి నుంచి కుళాయి దగ్గర మాటలు, అతని పరువు, అతని బతిమాలే చూపు, అన్నీ గుర్తొచ్చాయి. మావా అంటే ఏ మావో అనుకుంటారు, ఒడ్డున అందరూ ఎవరికో ఒకరికి మావలే. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోట మొగుడి పేరు రాలేదు.

"పైడన్నా," అని ఎలుగెత్తి పిలిచింది.

డప్పులు ఆగిపోయాయి. పక్కన హేమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పడవలో ఎవరో ఇంజను ఆపేశారు. ఇక కెరటాల చప్పుడు తప్ప ఒడ్డున ఏమీ లేదు. పైడన్న తల తిప్పి చూశాడు. ఆ మొహంలో కోపం లేదు, ఎక్కడున్నాడో వెతుక్కుంటున్న మొహం అది. శ్రీను గెడతో పడవని వెనక్కి నెట్టాడు. ఇష్టమున్నా లేకపోయినా, పిలుపు పడ్డాక ఇంకో దారి లేదు.

"నీకేటి పోయేకాలం," అని దానయ్య జెండా కర్ర ఇసకలో గుచ్చి మీదికొచ్చాడు. "తొలి వేట నాడు, పేరెట్టి పిలుస్తావా? ఊరు ఊరంతా ఏటయిపోవాల?" ఆడవాళ్ళు ఆమెకి దూరంగా జరిగారు. ఎవరో ఉమ్మేశారు కూడా. నీలమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుని పైడన్నకి ఎదురెళ్ళింది.

అతను కట్టుబాటు ప్రకారం తడి ఇసకలో మఠం వేసుకుని కూర్చున్నాడు. ఆమె చెంబు చేతికిచ్చింది. ఒక గుక్క తాగాడు. దానయ్య ఇంకా తిడుతూనే ఉన్నాడు, పడవ మీద పనిచేసేవాళ్ళు తలో మాటా అంటున్నారు, ఆ మాటలన్నీ పైడన్న తలమీదుగానే పోతున్నాయి. ఆ గోల నడిమధ్యలో, ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా, పైడన్న గడ్డం మెల్లగా ఛాతీకి ఆనింది. చెంబు ఒరిగి నీళ్ళు ఒళ్ళో ఒలికాయి. అతనికి తెలియలేదు.

దానయ్య తిట్టు సగంలో ఆగింది.

శ్రీను గబగబా వచ్చి మోకాళ్ళమీద కూర్చున్నాడు. అలవాటుకొద్దీ బావ నోటి దగ్గరికి మొహం పెట్టాడు.

"వాసన సూడకురా," అంది నీలమ్మ. "ఉండదు. నానూ అలగే మోసపోయేను. రెప్ప ఎత్తి కళ్ళు సూడు. తర్వాత మొలలో ఆ డబ్బీ తీసి సూడు."

శ్రీను రెప్ప ఎత్తాడు. డబ్బీ తీశాడు. మూత విప్పి దానయ్యకి అందించాడు. దానయ్య అందులోకి చూసి, తన ముక్కుని చేత్తో రుద్దుకున్నాడు.

రెప్ప ఎత్తినందుకో ఏమో పైడన్న కదిలాడు. అతని కుడిచెయ్యి ఇసకలో పిడికిలి బిగించి పక్కకి తిప్పుతోంది, ఇంజను పిడి తిప్పినట్టు. కళ్ళు పూర్తిగా తెరవకుండానే అడిగాడు.

"దాటీసామేటిరా, శ్రీనూ?"

శ్రీను మొగ వైపు చూశాడు. అక్కడ కెరటాలు గుంపుగా లేచి ఇసకదిబ్బమీద విరుగుతున్నాయి. తర్వాత హేమ వైపు చూశాడు. ఆమె ఇసకలో కూర్చుండిపోయింది. శ్రీను రెండు చేతులతో బావ భుజాన్ని పట్టుకున్నాడు.

నీలమ్మ ఒలికిన చెంబు ఎత్తి మిగిలిన నీళ్ళు పైడన్న పెదాలకి ఆనించింది.

"నేదు మావా, ఒడ్డునే ఉన్నాం," అంది. "తాగు. బరంపురం బస్సుకి ఇంకా టైముంది."